గరిక మొలిచిన జాగా

ఊలు బంతి బ్యాటుకు తగిలే చప్పుడు పెద్దదేమీ కాదు. మైదానం పక్క వీధిలో ఉన్నవాళ్లు కూడా దాన్ని పట్టించుకోరు. రెండు వీధుల అవతల, తన ఇంటి వరండాలో కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్న సోమయాజులుకు మాత్రం అది ప్రతి ఉదయమూ వినిపించేది. అందులో ఏది లోపించిందో కూడా తెలిసేది. కోర్టు వెనుక నుంచి పెదబాబు కొట్టే దెబ్బ బరువుగా ఉంటుంది. ముందు వరుసలో మంగరాజుది చిన్న తట్టు. ఆ రెంటికీ మధ్య రావలసిన మూడో చప్పుడు వచ్చేది కాదు. ఆ చోట కాసేపు నిశ్శబ్దం, ఆ తరువాత ఎవరో నవ్వడం. బంతి కోర్టు నడుమ నేల మీద పడిందని అర్థం. అక్కడ నిలబడవలసిన మనిషి ఇక్కడ, ఈ కుర్చీలో ఉన్నాడు.

యాజులు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారు. మొదట రావికమతంలో పనిచేసి, బదిలీ మీద నర్సీపట్నం వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. యాభై దాటాయి. సిగరెట్టు, పేకాట, రాజకీయం, వీటిలో ఒక్కటీ అంటని మనిషి. ఉన్నది ఒకే వ్యసనం. అది బాల్ బ్యాడ్మింటన్. కాలేజీలో పట్టుకున్న బ్యాటును పెళ్లయినప్పుడు గాని, కూతురు పుట్టినప్పుడు గాని, తండ్రి పోయినప్పుడు గాని పట్టుమని పదిరోజులు పక్కన పెట్టింది లేదు. భార్య వర్ధనమ్మ ఈ విషయాన్ని ఫిర్యాదుగా కాక ఒక సమాచారంలా బంధువులకు చెప్పేది.

ఆ ఆటలో జట్టుకు ఐదుగురు. ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు, నడుమ ఒక్కడు. బంతి నేలను తాకకూడదు. ముందువాళ్లను దాటిపోయినదీ, వెనుకవాళ్లకు అందకుండా పోయేదీ నడుమవాడి వాటాకు వస్తుంది. అందువల్ల సెంటర్ ఆడేవాడికి మడమలు నేల మీద ఆనవు. ఆట సాగినంతసేపూ మునివేళ్ల మీదే ఉండాలి. యాజులు ఇరవై ఏళ్లకు పైగా ఆ ఒక్క చోటే నిలబడ్డాడు. మైదానమంతా గడ్డి ఉన్నా, ఆ కోర్టు నడుమ చాటంత మేర గడ్డి లేదు. నేల నున్నబడి, కొద్దిగా గుంట పడి ఉండేది. కొత్తగా ఎవరైనా వచ్చి అక్కడ నిలబడబోతే పెదబాబు వెనుక నుంచి అనేవాడు: "అది మాస్టారి జాగా బాబూ. పట్టా కూడా ఉంది, సూపించమంటావా?"

వాళ్లకు జాగా విషయంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా పెళ్లికో ఊరికో వెళితే ఆ జాగాలో మరొకరు ఆడవచ్చు. జబ్బు పడితే మాత్రం ఆ జాగా ఖాళీగా ఉంచాలి. దీని వెనుక ఒక కథ ఉంది. కొన్నేళ్ల కిందట ఎడమవైపు ముందు ఆడే అప్పలకొండకు జబ్బు చేసింది. ఆయన జాగాలో మరొకరిని నిలబెట్టి ఆట సాగించారు. అప్పలకొండ మళ్లీ మైదానానికి రాలేదు. జాగా నింపడం వల్లనే ఆయన రాలేదని ఎవరూ నోరు తెరిచి అనలేదు. కానీ అప్పటినుంచి జబ్బు పడ్డవాడి జాగా నింపడం మానేశారు. ఒక్క సంఘటన దేనికీ రుజువు కాదని లెక్కల మాస్టారైన యాజులుకు తెలుసు. తెలిసీ ఆ కట్టుబాటుకు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. తన వంతు వచ్చాక లోలోపల సంతోషించాడు కూడా.

ఆ వంతు కార్తీక మాసంలో వచ్చింది. మంచు పడుతున్న ఉదయం. బంతి కోసం ముందుకు దూకబోయిన యాజులుకు, ఎవరో వెనుక నుంచి మడమ పైన కర్రతో బలంగా కొట్టినట్టయింది. నేల మీద కూలబడి, వెనక్కి తిరిగి కోపంగా చూశాడు.

"ఏం పెదబాబూ, బ్యాటు చూసుకోవద్దూ?"

పెదబాబు కోర్టు చివరి గీత దగ్గర ఉన్నాడు. అక్కడినుంచి కదలలేదు. "నాను ఇక్కడున్నాను మాస్టారూ," అన్నాడు నొచ్చుకుంటూ. "అంత పొడుగు సెయ్యి నాకుంటే బెల్లం యాపారం ఎందుకు సేస్తాను?"

కొట్టినవాడు ఎవరూ లేడు. మడమను పిక్కతో కలిపే లావు నరం తెగినప్పుడు అందరికీ అలాగే అనిపిస్తుందని, అందరూ వెనక్కి తిరిగే చూస్తారని విశాఖపట్నంలో డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేసి నరాన్ని కుట్టారు. పాదం కిందికి వంచి కట్టు వేశారు. ఆ తరువాత మోకాలి కిందివరకూ వచ్చే ప్లాస్టిక్ బూటు ఇచ్చి, మడమ కింద స్పాంజి ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టారు. నరం సాగేకొద్దీ ఒక్కో ముక్కా తీసేయాలి. అన్నీ తీసేసి, బూటు విడిచి, మామూలు నడక నడిచి, ఆ తరువాత ఒంటికాలి మీద మడమ ఎత్తగలిగిననాడే ఆట మాట ఎత్తాలి.

ఆ పని నర్సీపట్నంలో పుష్పవతి చేతికి వచ్చింది. నాతవరం వైపు రైతు కుటుంబంలో పుట్టి, షేర్ ఆటోలో వచ్చి యాజులు దగ్గరే పదో తరగతి లెక్కలు చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు మందుల షాపు మేడ మీద ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతోంది. మాస్టారని మొహమాటపడే రకం కాదు.

"నరం అతికింది సార్," అంది మొదటిరోజు. "కానీ దాని పనేటో అది మర్చిపోయింది. మొదట్నుంచి నేర్పాలి. మీరు లెక్క నేర్పినట్టే, ఒక మెట్టు తరవాత ఒక మెట్టు. మధ్యలో మెట్టు వదిలేసి ఆన్సర్ రాసేస్తే మీరు మార్కులు ఇచ్చేవారా?"

"ఇచ్చేవాణ్ని కాదు."

"నేనూ ఇవ్వను."

యాజులు మంచి విద్యార్థి. చెప్పినన్నిసార్లు చేశాడు, చెప్పనిది చేయలేదు. స్పాంజి ముక్కలు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి వర్ధనమ్మ బూటును కడిగి ఆరబెట్టి అటక మీద పెట్టింది. మామూలు బూట్లు తొడుక్కుని, కొంచెం కుంటుతూ అతను స్కూలుకు వెళ్లాడు. ఇంకొన్నాళ్లకు, ఉదయం మైదానానికి నడిచి వెళ్లి అంచున ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చోవడానికి పుష్పవతి ఒప్పుకుంది. "కూర్చోడానికే," అని రెండుసార్లు అంది.

బెంచీ మీద నుంచి చూస్తే ఆ ఖాళీ, వరండాలో విన్నదానికంటే పెద్దదిగా కనిపించింది. నలుగురూ నాలుగు మూలలా ఆడుతున్నారు. నడుమ చాటంత నేల ఎండకు తెల్లగా మెరుస్తోంది. అవతలి జట్టువాళ్లకు వేరే ఎత్తు అక్కరలేదు. ఆ తెల్లటి నేల మీదికి బంతిని తేలిగ్గా జారవిడిస్తే చాలు. బంతి పడిన ప్రతిసారీ మంగరాజు వంగి తీసి, తప్పు తనదే అయినట్టు బెంచీ వైపు చూసేవాడు. పక్కనే సత్తిరాజు ఉండేవాడు. కరెంటు ఆఫీసు ఉద్యోగి, ఎడమచేతి వాటం. రెండేళ్లుగా రోజూ బ్యాటు పట్టుకుని వచ్చి, ఎవరైనా ఊరికెళితే ఆడి, లేకపోతే ఆ బెంచీ మీదే కూర్చుని వెళ్లిపోయేవాడు. పక్కన ఆడగలిగిన మనిషిని పెట్టుకుని నలుగురితో ఓడిపోవడం తన మీది గౌరవంతోనేనని యాజులుకు తెలుసు. ఆ గౌరవం అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు.

మాఘమాసంలో ఒక ఆదివారం నక్కపల్లి వాళ్లతో పందెం. ఒక ఏడు వాళ్లు ఇక్కడికి వస్తారు, మరో ఏడు వీళ్లు అక్కడికి వెళతారు. ఆ ఏడు వాళ్లు వచ్చారు. నలుగురు దిగడం చూసి వాళ్ల పెద్ద నవ్వాడు.

"ఏటి పెదబాబూ, మీ ఊళ్లో మనుషులు కరువైపోనారా?"

"కరువేటి లేదు," అన్నాడు మంగరాజు. "మీకు నలుగురు సాలని ఐదో మనిషిని దాసుకున్నాం."

మొదటి గేమ్ పోయింది. రెండోది చచ్చీచెడీ గెలిచారు. మూడోదానికి ముందు మంచినీళ్లు తాగుతూ పెదబాబు బెంచీ దగ్గరకు వచ్చాడు.

"మాస్టారూ, ఈ ఒక్క గేమూ వచ్చి నిలబడండి."

"ఆడకూడదన్నారయ్యా."

"ఆడమని ఎవరన్నారు? నిలబడమన్నాను. బంతి మీ ముక్కు మీదకొచ్చినా ఒగ్గీండి. మీరు అక్కడుంటే ఆళ్లు అటేపు కొట్టరు. ఇరవై ఏళ్ల అలవాటు."

"నేను కదలనని వాళ్లకి తెలిసిపోతే?"

"తెలిసీసరికి గేమ్ అయిపోతాది. బేగి రండి."

ఇక్కడ న్యాయంగా చెప్పుకోవలసినది ఒకటుంది. యాజులు ఆవేశంతో లేవలేదు. తనకు అలవాటైన పద్ధతిలో ఆలోచించే లేచాడు. నడవవచ్చని పుష్పవతే చెప్పింది. నిలబడటం నడకకంటే తక్కువ పని. తను ఉంటే బంతి అటు రాదు. వచ్చినా వదిలేస్తాడు. కనుక ప్రమాదం లేదు. ఇందులో ఏ మెట్టూ తప్పు కాదు. లెక్కలోకి తీసుకోనిది ఒక్కటే: తను. బంతిని వదిలేయడం అన్నది ఆ మనిషి జన్మలో చేయని పని.

వెళ్లి తెల్లటి నేల మీద నిలబడ్డాడు. బూటు అడుగున ఆ చిన్న గుంట తగిలింది. అదే గుంట, అదే వాలు. గాలి ఎడమవైపు చెట్ల మీదుగా వస్తోంది. ముందు మంగరాజు వీపు, వెనుక పెదబాబు రొప్పు. ఇన్ని నెలలూ కుర్చీలో కూర్చుని తను తలుచుకున్నది గెలుపును కాదు, ఇదిగో ఈ చుట్టూ ఉండే మనుషుల మధ్య దూరాన్ని. పెదబాబు చెప్పినట్టే నక్కపల్లి వాళ్లు నడుమకు కొట్టలేదు. పాయింట్లు వచ్చాయి. యాజులు కదలలేదు. రెండు బంతులు దగ్గరగా పోయినా మాట ప్రకారం వదిలేశాడు. పెదబాబు "శభాష్" అన్నాడు. ఆడనందుకు మెప్పు పొందడం అతనికి అదే మొదలు.

అప్పుడు అవతలి నుంచి ఒక బంతి తప్పుదెబ్బ తగిలి ఎత్తుగా లేచింది. పసుపుపచ్చటి ఊలు బంతి ఎండలోకి వెళ్లి, ఒక క్షణం ఆగినట్టు ఆగి, సరిగ్గా అతని నెత్తి మీదికి దిగడం మొదలుపెట్టింది. పెదబాబు "ఒగ్గీండి" అని కేకేశాడని తరువాత అందరూ చెప్పారు. యాజులుకు ఆ కేక వినిపించలేదు. మడమలు లేచాయి. ఒళ్లు సాగింది. బంతి బ్యాటు నడుమ తగిలి, అవతలి జట్టులో ఎవరూ లేని మూలకు పోయి పడింది. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలోనే మడమ పైన, పాత చోటనే, గుడ్డ చిరిగినట్టు ఏదో అయింది. ఈసారి అతను వెనక్కి తిరిగి చూడలేదు. వెనుక ఎవరూ కొట్టలేదని ఇప్పుడు తెలుసు.

పెదబాబు బండి మీద ఇంటి దగ్గర దింపాడు. వర్ధనమ్మ వాకిట్లోనే ఉంది. గేటు నుంచి మెట్టు దాకా భర్త వేసిన నాలుగడుగులూ చూసింది.

"గెలిచారా?"

"గెలిచాం."

"అటక మీంచి బూటు దించమంటారా?"

ఆమె స్టూలు వేసుకుని తనే దించింది. దుమ్ము దులిపి అతని కుర్చీ పక్కన పెట్టింది. అంతకు మించి ఆ రోజు ఒక్క మాటా అనలేదు. అని ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది.

స్కానింగ్‌లో నరం పూర్తిగా తెగలేదని, కొంత మేర చిరిగిందని తేలింది. మళ్లీ ఆపరేషన్ అక్కరలేదు. మళ్లీ బూటు, మళ్లీ స్పాంజి ముక్కలు, మొదటి మెట్టు నుంచి అంతా మళ్లీ. ఈసారి గాయం మానినా మునుపటి బలం వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. సెంటర్ ఆడగలనా అని అడిగితే, "ముందు మెట్లు దిగడం చూద్దాం," అన్నాడు.

పుష్పవతి స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"మెట్టు వదిలేశారు సార్."

"ఆన్సర్ మాత్రం కరెక్టే వచ్చిందమ్మా. ఆ పాయింట్ మనదే."

ఆమె నవ్వలేదు. "ఎందుకెళ్లారో చెప్పండి. తిట్టడానిక్కాదు. మళ్లీ వెళ్తారో వెళ్లరో నాకు తెలియాలి."

యాజులు జాగా సంగతి, అప్పలకొండ సంగతి, బెంచీ మీద కూర్చుంటే ఆ తెల్లటి నేల ఎలా ఉంటుందో, అంతా చెప్పాడు. ఆమె సగం విని కాలు పరీక్షించడం మొదలుపెట్టినా, చివరిదాకా విన్నది.

"అయితే ఇంక మీ కాలికి నేను చెప్పేది ఏటీ పనిచెయ్యదు సార్. అక్కడ మీకోసం ఒక గొయ్యి తీసి ఉంచారు, మీరు పడుతూ ఉంటారు. ముందు ఆ జాగాలో మనిషిని పెట్టించండి."

"వాళ్లు ఒప్పుకోరు."

"మీరు ఒప్పుకుంటున్నారా?"

యాజులు వంగి బూటు పట్టీలు బిగించుకున్నాడు.

ఆ తరువాతి రోజులు చెడ్డవి. వరండా కుర్చీని వెనక పెరట్లోకి మార్చుకున్నాడు. అక్కడికి బంతి చప్పుడు వినిపించదు. వినిపించకపోయినా, ఆటవేళకు మెలకువ రావడం మానలేదు. మంచం మీద కళ్లు తెరుచుకుని, ఇప్పుడు గీతలకు ముగ్గు చల్లుతుంటారు, ఇప్పుడు నెట్ లాగి కడుతుంటారు, ఇప్పుడు పెదబాబు మొదటి బంతికే ఆయాసపడుతుంటాడు అని వరసగా అనుకునేవాడు. బ్యాటు పిడి ఒరుసుకుని అరచేతిలో ఏళ్ల తరబడి గట్టిపడ్డ కాయ మెత్తబడి పొరలుగా లేచిపోతోంది. క్లాసులో సుద్దముక్క పట్టుకుంటే ఆ చోటు తన చెయ్యి కానట్టు ఉండేది. ఒక రోజు వర్ధనమ్మ అతను కూర్చున్నచోట ఆ చర్మం ముక్క చూసి ఊడ్వబోయి ఆగింది.

"ఏమండీ, ఆట లేకపోతే ఉండలేరా?"

"ఉండగలను. ఉంటున్నానుగా."

"అది నేను చూస్తూనే ఉన్నాను," అంది ఆమె. "ఆ ఉండటం ఇక్కడుండి ఉండకూడదా? వరండాలోకి రండి. పెరట్లో దోమలు."

తప్పు ఎవరిదని అతను ఆ రోజుల్లో చాలా విచారించాడు. పెదబాబు పిలిచాడు. కానీ ఆ పిలుపులో మోసం లేదు. నలుగురూ జాగా ఖాళీ ఉంచారు. అది ప్రేమ. తనే లేచి వెళ్లాడు. అది నిజం. కానీ ఆ ఖాళీ లేకపోతే లేచేవాడా అని తనను తాను ప్రశ్నించుకుంటే, లేచేవాణ్ని కాదని నిజాయితీగా చెప్పుకోగలిగాడు. తప్పును వాటాలు వేయగలిగాడు గాని, అందులో ఏ వాటానూ వెనక్కి తిప్పలేకపోయాడు. మిగిలింది ఒక్కటే. ఆ ఖాళీని ఇంకా అలాగే ఉంచడమా, మానడమా?

పెదబాబు కొత్త బెల్లం అచ్చు పట్టుకుని చూడటానికి వచ్చినప్పుడు ఆ మాట ఎత్తాడు.

"నా జాగాలో సత్తిరాజును పెట్టండి."

పెదబాబు తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ మాట మాత్రం అనకండి మాస్టారూ. అప్పలకొండ ఏమైపోనాడో మీకు తెల్దా?"

"తెలుసు. ఒక్కటి చెప్పు. ఇంక లాభం లేదని డాక్టర్లు అన్నది మనం అతని జాగాలో మనిషిని పెట్టకముందా, పెట్టాకా?"

పెదబాబు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. "ముందే."

"మరి?"

"మరీ లేదు గిరీ లేదు. మీ లెక్కలు మీవి, నా బయం నాది. ఆ జాగాలో ఇంకోడ్ని సూస్తే నాకు సెయ్యి ఆడదు."

"నాకు మాత్రం చూడాలని ఉందా?" అన్నాడు యాజులు. "చూడగలనో లేదో తెలీదు. కానీ ఖాళీగా చూడలేనని తేలిపోయింది. ఈ కాలే సాక్ష్యం. మళ్లీ అలా నా కోసం నోరు తెరుచుకుని ఉంటే, మళ్లీ వెళ్లి పడతాను. నన్ను నేను ఎరుగుదును."

పెదబాబు మిగిలిన కాఫీ తాగేశాడు. లేస్తూ అన్నాడు: "అయితే ఆ మాట మీరే వచ్చి ఆడికి సెప్పండి. నాను మాత్రం సెప్పను."

మర్నాడు యాజులు ఆటోలో మైదానానికి వెళ్లాడు. ప్లాస్టిక్ బూటు తగిలించుకుని, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో సత్తిరాజు భుజం పట్టుకుని కోర్టులోకి నడిచాడు.

"నా వల్ల కాదు మాస్టారూ," అన్నాడు సత్తిరాజు గుసగుసగా. "ఇక్కడ కాలెడితే ఈళ్లు నన్ను సంపేస్తారు."

"చంపరు. బంతి వదిలేస్తే మాత్రం నేను చంపుతాను. నిలబడు."

సత్తిరాజు నిలబడ్డాడు. కానీ ఎడమచేతివాడు కావడంతో, తెల్లటి నేల మీద కాక దానికి ఒక అడుగు కుడికి, గడ్డి మీద నిలబడ్డాడు. యాజులు సరిచేయబోయి ఆగాడు. అతని వాటానికి అదే సరైన చోటు. బెంచీ మీదికి తిరిగి వచ్చి కూర్చున్నాడు. మొదటి బంతి సత్తిరాజు ముందే పడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"మడమ ఎత్తు," అన్నాడు యాజులు బెంచీ మీద నుంచి. "నేలకి అంటుకుపోకు. మడమ ఎత్తి ఉంచు." ఆ మాట అంటున్నప్పుడు తన బూటులోని పాదం స్పాంజి ముక్కల మీద కదలబోయి, కదలలేకపోయింది.

వేసవి గడిచింది. స్కూలు సెలవులు గడిచాయి. పుష్పవతి ఈసారి ముక్కలు తీయడంలో తొందరపడలేదు, అతనూ తొందరపెట్టలేదు. తుంటి మీద చెయ్యి పెట్టుకుని గోడ పట్టుకు నిలబడటం, రబ్బరు పట్టీ పాదానికి తగిలించి లాగడం, మెట్టు అంచున నిలబడి మడమ కిందికి దించడం. అతను చేసేవాడు, కానీ ఇప్పుడు ఎప్పుడని అడిగేవాడు కాదు. వరండాలో మళ్లీ కూర్చుంటున్నాడు. ఒక ఉదయం కాఫీ తాగుతుండగా పెదబాబు దెబ్బకూ మంగరాజు తట్టుకూ మధ్య మూడో చప్పుడు వినిపించింది. శుభ్రంగా, సరైన వేళకు. మళ్లీ వినిపించింది. సత్తిరాజు ఆట నేర్చుకున్నాడు. నెలల తరబడి తను కోరుకున్న చప్పుడే అది, తన చేతి నుంచి కాకుండా రావడం మినహా అందులో ఏ లోటూ లేదు. కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

వానలు పడ్డాయి. తాండవ కాలువ కింద వరి ఊడ్పులు అయిపోవడంతో స్కూల్లో పిల్లల హాజరు మళ్లీ పెరిగింది. ఆ రోజుల్లోనే పుష్పవతి గోడకు దూరంగా నిలబెట్టి, మంచి కాలు మడిచి, "ఎత్తండి సార్," అంది. మడమ లేచింది. రెండో కాలు లేచినంత ఎత్తు కాదు. ఆమె అవతలి కాలితో కూడా ఎత్తించి, రెండూ పోల్చి చూసింది.

"ఇదింక ఇంతే అనుకుంటాను సార్. ఆడొచ్చు. పరుగులు, గెంతులు వద్దు. సెంటర్ వద్దు." కొంచెం ఆగి, "మెట్లన్నీ చేశారు. మార్కులు కొయ్యడానికి ఏటీ లేదు," అంది.

మరునాడు అందరికంటే ముందు మైదానానికి వెళ్లాడు. ముగ్గు గీతలు వానకు చెరిగిపోయి ఉన్నాయి. కోర్టు నడుమకు నడిచి, తన చోటు కోసం కిందికి చూశాడు. తెల్లటి నేల లేదు. ఆ చాటంత మేరా గరిక అల్లుకుని ఉంది, లేత ఆకుపచ్చగా, మిగతా గడ్డికంటే పొట్టిగా. దానికి ఒక అడుగు కుడికి, కొత్తగా ఒక చోట గడ్డి పలచబడి, మట్టి కనిపిస్తోంది. యాజులు గరిక మీద నిలబడ్డాడు. గుంట మాత్రం కాలికి ఇంకా తెలుస్తోంది. మంచి కాలు మడిచి మడమ ఎత్తాడు. లేచింది, అంతవరకే. దించాడు. గీతల అవతలికి వచ్చేశాడు.

ఒక్కొక్కరూ వచ్చారు. బ్యాటు చేతిలో ఉన్న మాస్టారిని చూసి సత్తిరాజు గబగబా నడుమ నుంచి పక్కకు జరిగాడు.

"రండి మాస్టారూ. మీ జాగా."

అందరూ అతని వైపే చూస్తున్నారు. అవునంటే చాలు. ఎవరూ అడ్డు చెప్పరు, పుష్పవతి ఇక్కడ లేదు. యాజులు బ్యాటుతో గడ్డి పలచబడ్డ చోటు చూపించాడు.

"నీది ఆ పక్కది," అన్నాడు సత్తిరాజుతో. "నీ చోటుకి నువ్వు వెళ్లు. ఐదుగురున్నారుగా, ఆట మొదలెట్టండి."

"ఐదుగురు లేరు," అన్నాడు పెదబాబు, నడుం మీద చెయ్యి వేసుకుని. "రాత్రి బస్తాలు దించి నా నడుం పట్టీసింది. ఓ గేమ్ నా జాగాలో నిలబడండి. వెనకాల పరిగెట్టీ పనేటీ ఉండదు. నాను ఇన్నాళ్లూ పరిగెట్టానా?"

బస్తాలు దించేది అతని దగ్గర పనిచేసేవాళ్లని అక్కడ అందరికీ తెలుసు.

యాజులు కోర్టు చివరికి నడిచాడు. ఇన్నేళ్లలో అక్కడినుంచి ఆ కోర్టును ఎన్నడూ చూడలేదు. దూరంగా మంగరాజు, నడుమ సత్తిరాజు వీపు, అతని మడమలు ఎత్తి ఉన్నాయి. అతని ఎడమకాలి బూటు పక్కనే, ఒక అడుగు ఎడంగా గరిక తలలు ఎండలో మెరుస్తున్నాయి. అంత దగ్గర, అంత దూరం.

బెంచీ మీద నుంచి పెదబాబు అన్నాడు: "ఒరే సత్తిరాజూ, మడమ జాగ్రత్త. తేడా వస్తే యెనక్కి తిరిగి మాస్టార్ని అనీగలవు."

అందరూ నవ్వారు. యాజులు కూడా. ఇంకా నవ్వుతుండగానే ఇటు నుంచి సర్వీసు వెళ్లింది. అవతలివాళ్లు తిప్పికొట్టిన బంతి మంగరాజును దాటి, ఎగిరిన సత్తిరాజు బ్యాటు అంచుకు అందకుండా, గరిక మీదుగా, వెనక్కి వచ్చింది. యాజులు రెండు పాదాలూ నేల మీద ఆనించి, దాని కోసం ఎదురుచూశాడు.